గుమ్మంలో కోసిన ఎద్దు

ఇదంతా చేసింది మీరే. ఏడెన్ కొండ మీద పంకాల కింద కూర్చుని, హజ్రూన్ వాది, అంటే మా వరద పారే లోయ, ఎక్కడుందో పటం మీద వేలు పెట్టి వెతుక్కున్న ఇంగ్లీషు దొరలూ, మీరే. ఆ దొరలు చూపించిన చోట ముద్ర గుద్దిన మా సుల్తాన్ల తాతలూ, మీరే. రక్షణ అన్నారు. ఎవరి నుంచి? మా జొన్నచేల మీదికి దండెత్తి వచ్చిందెవరు, మీరు తప్ప? ఏడెన్ రేవులో సుల్తాన్ కాలు పెడితే ఫిరంగులు పేల్చి స్వాగతం చెప్తామన్నారు. ఆ చప్పుడుకి మురిసిపోయి ఒక రాజ్యాన్ని రాసిచ్చేశారు. ఫిరంగి పొగ గాలికి పోయింది. రాసిచ్చింది మాత్రం మా నెత్తిన ఉండిపోయింది. చివరికి కొండ మీద పడ్డ వానచుక్క కూడా ఎటు పారాలో మీరే చెప్పడం మొదలుపెట్టారు.

వినండి, ఆ వాది అడుగున ఉన్న ఖుదైరా ఊరివాళ్లు మీకేం జవాబు చెప్పారో.

హజ్రూన్‌లో నీటికి ఒక పద్ధతి ఉంది. కొండల మీద వాన పడితే వాదిలో ఎర్రటి వరద వస్తుంది. దాన్ని మట్టికట్ట వేసి ఆపుతారు. పై పొలాలు ముందు తడుస్తాయి. మడి నిండగానే కట్టకు గండి కొట్టి నీటిని కిందికి వదిలెయ్యాలి. అట్టడుగు చేనుకి ఒక తడి అందేదాకా పైన ఎవడికీ రెండో తడి లేదు, వాడు సుల్తాన్ అయినా సరే. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. సుల్తాన్ల వంశం కంటే పాతది, కోట గోడల కంటే పాతది.

అట్టడుగు చేను ఘాలియాది. మొగుడు పోయాక ఆ చేనుని ఆమే దున్నుకుంటోంది. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఆమెకు ఒక ఎద్దు ఉంది, పేరు మిస్బాహ్. బావగారు ముసాయిద్‌కి ఇంకో ఎద్దు ఉంది. రెండూ కలిస్తే ఒక జత, ఒక నాగలి. ఆ నాగలి మీద రెండు ఇళ్లు బతుకుతున్నాయి.

ఆ ఏడాది వరద ముందే వచ్చింది. తెల్లారేసరికి వాది ఒడ్డులు ఒరుసుకుని పారుతోంది. ఖుదైరా ఆడవాళ్లు మేడల మీదికెక్కి నాలుకలాడిస్తూ కేకలు వేశారు. మగవాళ్లు పారలు భుజాన వేసుకుని కాలువల నోళ్లు శుభ్రం చేసుకున్నారు. జొన్న విత్తనం బుట్టల్లో సిద్ధంగా ఉంది.

కాలువలోకి నీళ్లు రాలేదు.

పైన కట్ట దగ్గర సర్కారు గార్డులు తుపాకులు పట్టుకుని నిలబడ్డారు. కోట పక్కన తెల్ల బంగళా కట్టుకుని ఉంటున్న సలహాదారు, క్రాలీ దొర, పత్తి వేయించాడు. సుల్తాన్ పొలాల్లో, సుల్తాన్ తమ్ముళ్ల పొలాల్లో, కనుచూపు మేర పత్తి. ఆ పత్తికి రెండో తడి కూడా ఇప్పుడే కావాలట. మొదటిది ఇంకేదాకా కట్ట వెనక నీళ్లు ఆపమన్నాడు. నీళ్ల పెత్తనం చూసే నీటి షేక్ అక్కడే ఉన్నాడు. అతన్ని నియమించింది కోట. కాబట్టి నోట్లో నాలుక లేనట్టు గడ్డం నిమురుకుంటూ నిలబడ్డాడు. వరద ఎవరి కోసమూ ఆగదు. ఆపితే ఇసుక తాగేస్తుంది. ఇవాళో రేపో కట్ట వెనక బురద తప్ప ఏమీ మిగలదు. ఖుదైరాకి ఆ ఏడు జొన్న ఉండదు.

ఊరంతా కళ్లం దగ్గర చేరారు.

"తుపాకులు తీద్దాం" అన్నారు పడుచువాళ్లు.

"తీసి?" అన్నాడు ముసాయిద్. "కిందటేడు పొరుగు వాదిలో తీశారు. ఏమైంది? ముందు ఆకాశంలోంచి కాగితాలు పడ్డాయి, ఇళ్లు ఖాళీ చెయ్యండి బాంబులు వేస్తాం అని. చదవడం వచ్చినవాడు ఊళ్లో లేడు. కాగితాలు మేకలు తినేశాయి. మర్నాడు ఇళ్లు లేవు."

"మేకలు?"

"మేకలకేం, కొండెక్కాయి. మనకంటే తెలివైనవి."

నవ్వారు గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. అప్పుడు ఘాలియా లేచింది.

"బావా, తుపాకీ తీస్తే వాడు విమానం తెస్తాడు. అది వాడికి వచ్చిన విద్య. మనకి వచ్చిన విద్య మనం చూపిద్దాం. వాడి గుమ్మంలో ఎద్దుని కోద్దాం."

అది వాది ఆచారం. అన్యాయం జరిగినవాడు ఎదుటివాడి గుమ్మంలో ఎద్దుని కోస్తే, ఆ ఇంటివాడు విన్నపం వినితీరాలి. ఒప్పుకోవడం ఇష్టం లేకపోతే ఆ మాంసం ముట్టకూడదు, కాకులకి వదిలెయ్యాలి. ముట్టాడో, ఒప్పుకున్నట్టే. ఇక దానికి తిరుగు లేదు. రక్తపు పగలు కూడా ఆ ముద్దతోనే చల్లారిన వాది ఇది.

"వాడు ఇంగ్లీషువాడు" అన్నాడు ముసాయిద్. "వాడికి మన ఎద్దు ఏంటి, గుమ్మం ఏంటి?"

"గుమ్మం మన నేల మీద కట్టుకున్నాడుగా. ఆ మాత్రం తెలుసుకోవద్దూ?"

"సరే, ఎద్దు ఎవరిది?"

"నాది."

ముసాయిద్ తలపాగా తీసి నేలకేసి కొట్టాడు. "నీ మిస్బాహ్ పోతే నా ఎద్దుకి జత ఎవరే? నువ్వా?"

"అవసరమైతే నేనే. కాడి ఎత్తి నా మెడ మీద పెట్టు. నీ ఎద్దు కంటే నయంగానే నడుస్తాను. అది సగం చాలుకే కూలబడుతుంది, అచ్చం యజమానిలా."

ఈసారి కళ్లం అంతా ఒక్కటే నవ్వు. ముసాయిద్ కూడా మూతి బిగించి, ఆపుకోలేక, తలపాగా దులుపుకుంటూ నవ్వాడు. కానీ నవ్వుతున్నా అందరికీ తెలుసు. దొర తినకపోతే నీళ్లూ లేవు, ఎద్దూ లేదు. దున్నడానికి నాగలి కూడా ఉండదు. ఘాలియాకి ఇంకా బాగా తెలుసు. ఇంటికి పోయి మిస్బాహ్ నుదురు గోకింది, విత్తనాల కోసం దాచిన జొన్నల్లోంచి దోసెడు తీసి తినిపించింది. "పోదాం పదరా నాయనా" అంది. పలుపు విప్పింది.

పొద్దెక్కాక ఊరు ఊరంతా బయల్దేరింది. ముందు డోలు, వెనక వరుస కట్టిన మగవాళ్లు, మధ్యలో మిస్బాహ్, దాని పక్కన ఘాలియా, ఆ వెనక ఆడవాళ్లు. వచ్చిన పని పాట కట్టి చెప్పడం ఇక్కడి మర్యాద. బంగళా కనిపించగానే మగవాళ్లు గొంతెత్తారు:

"కొండ మీది నల్లమబ్బు కురిసె మాకు, మీకు కూడా,
కట్ట మీది కాపు తీసి కిందివాళ్ల గొంతు తడుపు!"

పాటకి పాటతోనే బదులివ్వాలి, అదే వరసలో. బంగళా ముందు కాపలా ఉన్న గార్డులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లు ఎవరు? సర్కారు చొక్కా తొడుక్కున్న తెగల బిడ్డలే. వాళ్ల జమేదారు హైదరా తల్లి పుట్టిల్లు ఖుదైరానే. అతను గొంతు సవరించుకున్నాడు:

"వచ్చినోళ్లకు మేలు కలుగు, వాకిలున్నది మీకొరకు,
చెప్పవలసినదేదొ చెప్పు, చెవులు మాకు ఉన్నవింకా!"

"భేష్ రా హైదరా!" అని అరిచింది ఘాలియా. "చొక్కా మారినా గొంతు మారలేదు."

"పిన్నీ, కాస్త మెల్లిగా. దొర లోపలున్నాడు" అన్నాడు హైదరా, చెవులు ఎర్రబడుతూ.

క్రాలీ దొర పైపు నోట్లో పెట్టుకుని వసారాలోకి వచ్చాడు. పొడుగ్గా, ఎండకి కమిలిన మొహంతో, మోకాళ్ల దాకా లాగు వేసుకుని. పాట వినిపించగానే పక్కనే ఉన్న కోటలోంచి సుల్తాన్ జాబిర్ కూడా వచ్చాడు. పెద్దవాడు, పొట్ట కొద్దిగా ముందుకొచ్చింది. తాతల ఒప్పందం చాలదన్నట్టు, సలహాదారు మాట వింటానని తనూ కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టిన రోజు నుంచీ ఎవరి వైపూ సూటిగా చూడడం మానేశాడు. ఏడెన్‌నుంచి వచ్చిన దుబాసీ హుబైషీ దొర పక్కన నిలబడ్డాడు.

ముసాయిద్ కత్తి తీశాడు. దేవుడి పేరు చెప్పాడు. మిస్బాహ్ రక్తం బంగళా మెట్ల మీద పారింది. ఘాలియా తల తిప్పుకోలేదు. కళ్లు తుడుచుకుని, అదే చేయి ఎత్తి కట్ట వైపు చూపించింది.

"దొరా! ఇది నా ఎద్దు. నీ గుమ్మంలో కోశాం. పత్తికి రెండో తడి పెట్టేముందు మా చేలకి మొదటి తడి ఇవ్వాలి. కట్ట తెంచాలి. ఇవాళే. ఒప్పుకుంటే తిను. ఒప్పుకోకపోతే ముట్టకు, మేం వెళ్లిపోతాం. హుబైషీ, ఒక్క ముక్క వదలకుండా చెప్పు. వదిలావంటే మీ అమ్మకి కబురు పంపుతాను, ఇక్కడ దొర కింద నువ్వెలాంటి పని చేస్తున్నావో."

హుబైషీ ఒక్క ముక్క వదల్లేదు. అంతా చెప్పాడు.

క్రాలీ పైపు తీసి నవ్వాడు. "వాళ్ల బాధ నాకు అర్థమైందని చెప్పు. విషయం ఏడెన్‌కి రాస్తాను. అక్కడ ఆలోచిస్తారు."

"రాయమను" అంది ఘాలియా. "ఆలోచించమను. మాంసం మాత్రం ఈలోపు ఉడుకుతుంది."

బంగళా ముందే పొయ్యిలు పెట్టారు. రాగి డేగిసాలు ఎక్కించారు. ఆడవాళ్లు జొన్నరొట్టెలు కాల్చారు, నువ్వుల నూనె పోశారు. మాంసం ఉడికే వాసన వసారాలోకి వెళ్లింది, బంగళా గదుల్లోకి వెళ్లింది. కట్ట మీద ఉన్న గార్డుల దాకా కూడా వెళ్లే ఉంటుంది, ఒక్కొక్కరే దిగొచ్చి దూరంగా చతికిలబడ్డారు. అందరి చూపూ దొర చేతి మీదే.

పెద్ద పళ్లెంలో మాంసం, రొట్టెలు పెట్టి దొర ముందుకి తెచ్చారు.

"సార్, వద్దు" అన్నాడు హుబైషీ. నిజంగానే అన్నాడు, ఊరంతా విన్నారు. "ఆమె చెప్పింది మీకు చెప్పాను కదా. తింటే ఒప్పుకున్నట్టు."

"హుబైషీ, నేను కొత్తవాణ్ని కాదు" అన్నాడు క్రాలీ. "అరబ్బుల దగ్గర పెట్టింది కాదంటే పెద్ద అవమానం. ఏడెన్‌లో అడుగు పెట్టిన మొదటి వారమే నేర్పారు మాకు. అవమానించి పంపిస్తే రేపు గొడవ. తిని పంపిస్తే సంతోషంగా పోతారు. నీళ్ల సంగతి వేరు, భోజనం సంగతి వేరు."

"ఇక్కడ వేరు కాదు సార్."

"సరేలే" అన్నాడు క్రాలీ.

చేయి కడుక్కున్నాడు. కుడిచేత్తోనే తినాలని కూడా నేర్పారు కాబోలు, ఎడమచేయి జాగ్రత్తగా వెనక్కి పెట్టుకున్నాడు. రొట్టె తుంచాడు. మాంసం ముక్క తీసుకున్నాడు. ఘాలియా పక్కనున్న ముసాయిద్ చేయి గట్టిగా పట్టుకుంది, గోళ్లు దిగాయి.

దొర నమిలాడు. మింగాడు.

"బాగుంది" అన్నాడు, తనకొచ్చిన నాలుగు అరబ్బీ మాటల్లో ఒకటి వెతుక్కుని. ఇంకో ముక్క తీసుకున్నాడు.

"రెండోది కూడా!" అన్నాడు ముసాయిద్ నోరు వెళ్లబెట్టి.

"రెండో తడి అలవాటేగా వాడికి" అంది ఘాలియా.

ఆ మాట ఒకరి నోట్లోంచి ఒకరి నోట్లోకి వెనకదాకా పాకింది. చివర ఉన్నవాళ్లకి అందేసరికి ముందున్నవాళ్లు పొట్టలు పట్టుకుంటున్నారు. ఆడవాళ్లు గొంతెత్తి కేకలు పెట్టారు. డోలు మోగింది. దొర తనకోసమే అనుకుని చేయి ఊపాడు.

అప్పుడు సుల్తాన్ జాబిర్ ముందుకొచ్చాడు. పళ్లెం ముందు కూర్చున్నాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా పైకి లాక్కున్నాడు. ఎంచుకుని, తీరిగ్గా, ఎముక మీద మూలుగు ఉన్న పెద్ద ముక్క తీశాడు. ఆయన అంత ఇష్టంగా తినడం ఊరివాళ్లు చాలా ఏళ్లుగా చూడలేదు.

"హైదరా" అన్నాడు మూలుగు జుర్రుకుంటూ, "ఇంకా ఏం చూస్తున్నావు? నీకు పెట్టలేదా ఎవరూ?"

హైదరా వచ్చి తిన్నాడు. గార్డులు వచ్చి తిన్నారు. తిని, చేతులు ఇసుకతో రుద్దుకుని, తుపాకులన్నీ బంగళా గోడకి ఆనించారు. ఊరివాళ్ల పారలు అందుకున్నారు.

క్రాలీ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. "ఎక్కడికి పోతున్నారు వీళ్లు?"

"కట్టకి, సార్" అన్నాడు హుబైషీ.

"ఎవరు చెప్పారు?"

"మీరే. ఇప్పుడే చెప్పారు. రెండుసార్లు."

"నేను తిన్నాను! సంతకం పెట్టలేదు!" క్రాలీ లేచి నిలబడ్డాడు. మొహం కందిపోయింది. "జమేదార్! వెనక్కి రా! ఇది నా ఉత్తర్వు!"

హుబైషీ ఆ మాట అరబ్బీలో చెప్పేసరికి హైదరా ఆగాడు. భుజాన పార, ఇంకా మెరుస్తున్న మూతి. భయం లేకపోలేదు. "దొరా, మీరు కట్టని కాపలా కాయమన్నారు, కాశాను. మా అమ్మ పుట్టింటివాళ్లని కూడా రానివ్వలేదు. కానీ గుమ్మంలో కోసింది తిని మాట తప్పినవాడి కింద నేను పనిచేశానని తెలిస్తే, నాకు మా తెగలో పిల్లనివ్వరు. మీరిచ్చే జీతంతో ఏడెన్‌లో పిల్ల దొరకదు." అని నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

క్రాలీ సుల్తాన్ వైపు తిరిగాడు. "వీళ్లని ఆపండి. ఒప్పందం ప్రకారం నా సలహా మీరు పాటించాలి."

సుల్తాన్ జాబిర్ ఎముక పళ్లెంలో పెట్టాడు. వేళ్లు నాక్కున్నాడు. సంతకం పెట్టిన రోజు నుంచి నేల చూపులు చూసిన మనిషి, ఆ రోజు దొర కళ్లలోకి సూటిగా చూశాడు.

"పాటించాను కదా. మీరు తిన్నారు, మీ వెనకే నేనూ తిన్నాను. ఇంతకంటే ఏం పాటించమంటారు? పైగా ఆ ఒప్పందం నాకు కంఠస్థం. మతమూ ఆచారమూ తప్ప మిగతా అన్నింట్లో మీ మాట వినాలని ఉంది. అంటే ఈ రెండూ నావి. ఇది ఆచారం. కావాలంటే ఏడెన్‌కి రాసి అడగండి." ఆవులించి, "ఎద్దుని మాత్రం బాగా మేపారు. ఎవరిదమ్మా?" అన్నాడు.

"నాది. ఇప్పుడు మీ పొట్టలో ఉంది" అంది ఘాలియా. "నా నాగలికి మీ మందలోంచి జత పంపండి. ఊరికే తినిపోదామనుకుంటున్నారా?"

సుల్తాన్ నవ్వాడు, పొట్ట కదిలేలా. "పంపుతానమ్మా, పంపుతాను. నోరా అది!"

ఘాలియా ఆ జవాబు వినడానికి ఆగలేదు. చెప్పులు విప్పి చేత పట్టుకుని కట్ట వైపు పరుగెత్తింది. ఆమె వెనక ఊరంతా.

మొదటి పార హైదరా వేశాడు. రెండోది ముసాయిద్. తర్వాత ఎవరిది ఎన్నోదో ఎవరికీ తెలియదు. మట్టి కదిలింది, ఒక సన్నటి ఎర్రటి ధార బయటికొచ్చింది. దాని వెనక ఇంకొకటి. అంతలో కట్ట నడుం విరిగి, నీళ్లు గర్జించుకుంటూ కిందికి దూకాయి. మనుషులు అటూ ఇటూ చెల్లాచెదురయ్యారు, బురద నెత్తికెక్కింది, ఒకరినొకరు కొట్టుకుని నవ్వారు. ముసాయిద్ తలపాగా నీళ్లలో కొట్టుకుపోయింది.

"బావా, నీ తలపాగా నా చేనుకి నీకంటే ముందే పోతోంది!"

"పోనీవే! దానికైనా పని మీద శ్రద్ధ ఉంది!"

ఘాలియా కాలువ గట్టున నీళ్లతో పోటీ పడి పరుగెత్తింది. కొన్నిచోట్ల ఆమె ముందు, కొన్నిచోట్ల నీళ్లు ముందు. అట్టడుగు చేను దగ్గరికి ఇద్దరూ ఒకేసారి చేరారు. ఎండి పగుళ్లు తేలిన మడిలోకి నీళ్లు దిగాయి. పగుళ్లు బుడబుడమని తాగాయి. ఆమె మడి మధ్యలోకి దిగింది. నీళ్లు మడమ దాకా వచ్చాయి, పిక్క దాకా వచ్చాయి. అక్కడే, బట్టలతోనే, కూర్చుండిపోయింది. నీళ్లని చేతులతో కొడుతూ, చిన్నపిల్లలా నవ్వుతూ, మధ్యలో ఎద్దు పేరు చెప్పి ఏడుస్తూ, మళ్లీ నవ్వుతూ.

గట్టు మీద డోలు ఆగలేదు. హైదరా చొక్కా విప్పేసి ఆడుతున్నాడు. నీటి షేక్ కూడా వచ్చాడు, ఎక్కడి నుంచి వచ్చాడో. గడ్డం నిమురుకుంటూ, "అంతా మంచే జరిగింది, అంతా మంచే జరిగింది" అంటున్నాడు.

ఘాలియా బురదలోంచి లేచింది. నీళ్లు కారుతూ గట్టెక్కి అతని ఎదురుగా నిలబడింది. డోలు వాయించేవాడి చేయి తనంతట తనే ఆగింది.

"నువ్వెక్కడున్నావు ఇంతసేపు? కట్ట మీద గార్డులు నిలబడితే నీ నోరేమైంది? నిన్ను పెట్టింది కోట, అందుకే కోట వైపే చూస్తావు. ఇవాళ దొర తిన్నాడు, నీళ్లొచ్చాయి. వచ్చే వరదకి వాడు తినడు. ఈసారికి నేర్చుకున్నాడు. నా దగ్గర ఇంకో ఎద్దూ లేదు."

జనం వైపు తిరిగింది.

"ఒక్కొక్క వరదకి ఒక్కొక్క ఎద్దుని కోసుకుంటూ పోదామా? నీటి షేక్‌ని మనం పెట్టుకోవాలి. చేను ఉన్నవాళ్లందరూ కలిసి, వాదిలో మన పైనున్న ఊరివాళ్లూ కిందున్న మనమూ, ఆడవాళ్లు కూడా, నా చేను నేనే దున్నుతున్నాను కాబట్టి. కోటకి ఇందులో మాట లేదు. బంగళాకి అసలే లేదు. రేపు కాదు, ఏడెన్ నుంచి జవాబు వచ్చాక కాదు. పై ఊరికి మనుషుల్ని పంపండి. డేగిసాల్లో ఇంకా మాంసం ఉంది, తినడానికి రమ్మనండి. తిన్నవాళ్లందరూ ఇక్కడే, ఈ గట్టు మీద, నీళ్లు ఇంకకముందే ఎన్నుకోవాలి. లేవండి!"